గేటు వెయ్యండి

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. ఆ మాట వినగానే చాలామంది ఆయన్ని లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కే మనిషి అనుకునేవాళ్లు. నాన్నకి ఒళ్లు మండేది. "నేను లోపల కూర్చునేవాణ్ణి కాదండీ, పైన ఉంటాను" అని అప్పటికప్పుడు సరిదిద్దేవాడు. అలాంటి మనిషి ఉన్న ఉద్యోగం వదులుకుని, జీతం లేని స్టూలు మీద కూర్చుని, ఒకే ఒక్క లిఫ్టులో ఏళ్ల తరబడి పైకీ కిందికీ తిరిగాడు. మొన్న వానాకాలంలో ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది "పాపం, లిఫ్టాయన" అనే అన్నారు. సరిదిద్దడానికి ఆయన లేడు.

పైన అంటే మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉండే ఇరుకు గది. మెషీన్ రూము. చిన్నప్పుడు సెలవు రోజుల్లో నన్ను ఒకటి రెండుసార్లు తీసుకెళ్లాడు. గది నిండా మోటారు వేడి, గ్రీజు వాసన. నేలలో కన్నాలు, వాటిలోంచి వేలెడు లావు ఉక్కు తాళ్లు కిందికి దిగి చీకట్లో కలిసిపోయేవి. కన్నం దగ్గర చెవి పెడితే భవనమంతా వినిపించేది. ఎవరివో చెప్పుల చప్పుడు, ఎవరిదో దగ్గు, ఏదో అంతస్తులో ఇద్దరు గొంతు తగ్గించి తిట్టుకోవడం. "ఇక్కడ కూర్చుంటే ఎవరి బతుకేమిటో తెలిసిపోతుంది" అనేవాడు నాన్న. ఆ మాట అప్పట్లో గొప్పగానే అన్నాడు.

అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పనిచేసేది. అమ్మ తమ్ముడు, మా మావయ్య, బస్సు డ్రైవరు. సెలవు దొరికితే మా ఇంట్లోనే తేలేవాడు. నాన్నకీ ఆయనకీ ఒకరినొకరు గిల్లుకోకుండా పూట గడిచేది కాదు.

"మీ నాన్న సర్వీసంతా పైకెళ్లడం, కిందికి రావడం. ఒక్క అడుగు ముందుకేసింది లేదే అమ్మాయ్."

"నువ్వు ముందుకెళ్లి ఏం సాధించావురా? సాయంత్రానికి మళ్లీ అదే డిపో కదా."

"నా బస్సులో గాలైనా వస్తుంది బావా."

భోజనాల దగ్గర నాన్న చెప్పే కబుర్లలో మాకు బాగా ఇష్టమైనవి గేటు కబుర్లు. పాత లిఫ్టులకి ఇప్పటిలా వాటంతటవే మూసుకునే తలుపులు ఉండవు. ఇనప పట్టీల మడత గేట్లు రెండుంటాయి. ఒకటి లిఫ్టు పెట్టెకి, ఒకటి అంతస్తుకి. దిగినవాళ్లు రెండూ చేత్తో లాగి వెయ్యాలి. ఏ అంతస్తులోనైనా ఒక్క గేటు బెత్తెడు తెరిచి ఉన్నా లిఫ్టు కదలదు. మనుషులు గోతిలో పడకుండా అలా కట్టారు. తొందరలో ఉన్నవాడు గేటు వెయ్యకుండా పోతాడు. కింద నిలబడ్డవాళ్లు మీట నొక్కీ నొక్కీ, లిఫ్టు పాడైందని కంపెనీకి ఫోన్ చేస్తారు. నాన్న సంచీ భుజాన వేసుకుని ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి పోయి, మెట్లెక్కి, ఆ గేటు లాగి వేసి, తిరిగొస్తాడు. కంపెనీలో వీటిని గేటు కాల్స్ అనేవాళ్లు. అవి రిపేరు కింద రావు. ఏ మెకానిక్కూ వాటిని పనిగా చెప్పుకోడు, జోకుగా చెప్పుకుంటాడు.

"ఇవాళ పెద్ద డాక్టరుగారికి వైద్యం చేసొచ్చాను" అనేవాడు నాన్న చెయ్యి కడుక్కుంటూ.

"ఏమిటట జబ్బు?" అమ్మ అడిగేది, తెలిసే.

"గేటు. ఏం చేశారు మెకానిక్‌గారూ అని అడిగాడు పాపం. ఏం చెప్తాం? లోపల కాస్త సర్దానండీ అన్నాను. పదిమందిలో ఆయన పరువు పోకూడదు కదా."

పగలబడి నవ్వేవాళ్లం. ఆ నవ్విన వాళ్లలో నా తమ్ముడూ ఉండేవాడు.

మా ఇంట్లో మాత్రం తెరిచిన తలుపంటూ ఉండేది కాదు. బీరువా, వంటింటి అలమర, ఆఖరికి కుట్టుమిషను సొరుగు, ఏది తీసినా వెంటనే వెయ్యాలి. "ఎవరే ఇది తీసిపెట్టింది?" అని నాన్న అరిచిన అరుపు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. గదిలోంచి బయటికొస్తే చెయ్యి దానంతటదే వెనక్కి పోయి తలుపు లాగుతుంది.

తమ్ముడు నాకన్నా బాగా చిన్న. ఐదో క్లాసులో ఉండగా పరుగెత్తడం మానేశాడు. ఏడో క్లాసుకి ఎత్తు గుమ్మం దాటాలంటే తొడని రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టుకునేవాడు. కండరాల జబ్బు అన్నారు. "నెమ్మదిగా పెరుగుతుంది. ఎంత నెమ్మదిగానో చెప్పలేను" అన్నాడు డాక్టరు. పెద్ద చదువుల వయసు వచ్చేసరికి రెండు చేతికర్రల మీద చదునైన నేల మీద నడిచేవాడు. మెట్టు మాత్రం ఎక్కలేడు. ఒక్క మెట్టు కూడా.

వాడికి లెక్కలంటే పిచ్చి. మావయ్య వాణ్ణి మేష్టారూ అని పిలిచేవాడు. మా ఊళ్లో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే ఒక పెద్దావిడ రాసిన పుస్తకం ఎక్కడో సంపాదించి, అట్ట ఊడిపోయేదాకా చదివాడు. ఆవిడ క్లాసులో కూర్చోవాలి. వాడి కోరిక అదొక్కటే. ఆవిడ క్లాసు నాలుగో అంతస్తులో.

ఇంకొకటి చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం. అప్పుడే కొత్తగా పెట్టారు. వాళ్లు వాడి మార్కులు చూసి, ఫీజు వద్దు, వచ్చి చేరితే చాలన్నారు. ముందు దాన్నే చూడ్డానికి వెళ్లాం. ఒకటే భవనం. గేటు దగ్గర నుంచి క్లాసు దాకా ఏటవాలు బాట, పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. గదికి ముప్ఫై కుర్చీలు. గాజు లిఫ్టు. అంతస్తు వచ్చినప్పుడల్లా ఒక ఆడగొంతు ఎన్నో అంతస్తో చెబుతుంది. ప్రిన్సిపాలు తనే కిందికి వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని మాట్లాడాడు. అమ్మ మొహం విచ్చుకుంది. కానీ అక్కడ ఉన్నది కంప్యూటర్ల కోర్సు. తమ్ముడు లెక్కల సంగతి అడిగితే ఆఫీసులో ఉన్న అమ్మాయి నవ్వి, "లెక్కలూ ఉంటాయి తమ్ముడూ, కంప్యూటరుకి కావలసినన్ని" అంది.

"కావలసినన్నేమిటక్కా, కూరలో ఉప్పా?" అన్నాడు వాడు నా చెవిలో.

నాన్న ఇవేవీ వినడం లేదు. గాజు లిఫ్టు ముందు నిలబడి తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తున్నాడు. అరచెయ్యి అడ్డుపెట్టాడు. తలుపు వెనక్కి పోయింది. తీశాడు. వచ్చి మూసుకుంది. బయటికొచ్చాక పెదవి విరిచాడు.

"లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది కాలిందనుకో, పార్టు ఎక్కడి నుంచో రావాలి. వచ్చేదాకా వీడు కింద కూర్చోవాలి. అయినా తలుపు కూడా వేసుకోలేని సోమరిపోతుల కోసం కట్టిన లిఫ్టు అది."

"తలుపు ఎవరు వేసుకుంటే మనకేమిటి? పిల్లాడు పైకి వెళ్లాడా లేదా" అంది అమ్మ.

తరవాతి వారం నాన్న మమ్మల్నందరినీ పెద్ద విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లాడు. వేసవి సెలవులు. ఆవరణంతా ఖాళీ. లెక్కల విభాగం ఉన్న పాత రాతి భవనంలో మెట్లు చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి, ఆ మెట్ల మధ్య ఇనప జల్లెడ గూట్లో లిఫ్టు. ఆ లిఫ్టు నాన్న చేతిలో ఎన్నేళ్ల నుంచో ఉంది. తాళ్లు ఆయనే మార్చాడు, బ్రేకు పట్టీలు ఆయనే వేశాడు. ఇత్తడి పిడి తళతళలాడుతోంది. మేమంతా ఎక్కాక నాన్న గేట్లు లాగి వేసి మీట నొక్కాడు. గ్లాసులో నీళ్లు తొణకనంత మెత్తగా పైకి లేచింది.

నాలుగో అంతస్తులో గదికి తాళం వెయ్యలేదు. పొడుగాటి నల్లబల్ల మీద పోయిన ఏడాది ఆఖరి క్లాసులో రాసింది ఎవరూ తుడవకుండా వదిలేశారు. ఒక నిరూపణ, సగంలో ఆగిపోయింది. తమ్ముడు కర్రల మీద ఆనుకుని చాలాసేపు చదివాడు. తరవాత ఒక కర్ర నాకిచ్చి, సుద్దముక్క తీసుకుని, ఆగినచోట కింద ఒక వరస రాశాడు. మాకెవరికీ అర్థం కాలేదు. నాన్న మాత్రం ఆ వరస వంక కన్నార్పకుండా చూశాడు.

ఆ సాయంత్రమే ఇంట్లో తేల్చుకోవడానికి కూర్చున్నాం. అమ్మ చిన్నదే మేలంది. నేనూ అమ్మ వైపే. తమ్ముడు నాన్న మొహం చూస్తున్నాడు.

"ఏవండీ, నిజం చెప్పండి. ఆ లిఫ్టు ఎన్నిసార్లు ఆగింది?" అంది అమ్మ.

"నా చేతికి వచ్చాక ఒక్కసారి కూడా ఆగలేదు."

"మరోసారి ఆలోచించి చెప్పండి."

"పిల్లాడి విషయంలో అబద్ధమాడతానటే?"

మావయ్య ఊరుకోలేదు. "వేలమంది తిరిగే చోటు బావా. నా బస్సులో పట్టుమని యాభై మందిని అదుపు చెయ్యలేక చస్తున్నాను. ఫుట్‌బోర్డు మీద నుంచి దిగండిరా అంటే దిగరు."

"ఒరేయ్, మనిషిని మోసేది మనుషులు కాదు, తాడు. ఆ తాడు నేను వేసింది."

"నాన్న లిఫ్టు కదా మావయ్యా" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో ఆ గర్వం విన్నాక అమ్మ కూడా మెత్తబడింది.

నాన్న చెప్పింది నిజమే. ఆ లిఫ్టు ఆయన చేతిలో ఒక్కసారీ చెడలేదు. అక్కడి నుంచి వచ్చిన ఫోన్లన్నీ గేటు కాల్స్. వాటిని ఆయన ఆగడంగా అనుకోలేదు, ఏ మెకానిక్కూ అనుకోడు. ఆ కబుర్లకి ఏళ్ల తరబడి నవ్విన మాకెవరికీ కూడా ఆ సాయంత్రం గేటు గుర్తుకు రాలేదు.

వాడు పెద్దదాంట్లోనే చేరాడు. పొద్దున్నే నాన్న స్కూటరు మీద దింపేవాడు. ఉదయం పూట భాషల క్లాసు కిందే, పెద్ద హాల్లో. నాన్న వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి తన పనికి పోయేవాడు. లెక్కల క్లాసులు మధ్యాహ్నం. సాయంత్రం తీసుకొచ్చేవాడు.

"ఎలా ఉందిరా?"

"బాగుంది."

"లిఫ్టు?"

"బాగుంది నాన్నా."

నెలలు గడిచాయి. చలికాలం మొదట్లో ఒక రోజు నాన్న ఆ భవనానికి సర్వీసింగుకి వెళ్లాడు. ఆయన సర్వీసింగు ఎప్పుడూ సెలవు రోజునే, ఆ ఏడాది పని రోజుల్లో అక్కడి కాల్స్ వేరే మెకానిక్కు చూసేవాడు; అతను సెలవు పెడితే ఈయన్ని పంపారు. ఇక్కడి నుంచి జరిగింది నాన్న నాకు ఒక్కసారే చెప్పాడు, తమ్ముడు పోయాక. మళ్లీ అడిగితే చెప్పలేదు.

మెషీన్ రూములో బ్రేకు సరిచేసి చేతులు తుడుచుకుంటున్నాడు. మోటారు ఆగి ఉంది. తాళ్ల కన్నంలోంచి అరుపు వినిపించింది.

"గేటు వెయ్యండీ..."

కొత్తగా అరిచేవాళ్ల గొంతు ఆయనకి తెలుసు. అందులో కోపం ఉంటుంది, తిట్టు ఉంటుంది. ఈ గొంతులో అదేమీ లేదు. వీధిలో సామాన్లు అమ్ముకునే మనిషి ఎవరూ కొనరని తెలిసీ వేసే కేకలా ఉంది. రోజూ అరిచే గొంతు. రెండోసారి వినిపించాక గాని అది ఎవరిదో పోల్చుకోలేదు. మూడోసారి కోసం ఆగాడు. రాలేదు.

మెట్ల మీద పరుగెత్తుకుంటూ దిగాడు. మూడో అంతస్తులో బల్లలు మోస్తున్నవాళ్లు గేటు మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టి ఎటో పోయారు. కుర్చీ అవతలికి విసిరేసి, గేట్లు వేసి, లిఫ్టులో కిందికొచ్చాడు. గూటి పక్కన గోడకి ఆనించిన బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పుస్తకం. ఎవరో క్లాసులో రాసుకున్నది చూసి ఎక్కించుకుంటున్నాడు. బెంచీ మీద వాడు కూర్చునే చోటు నునుపు తేలి ఉందన్నాడు నాన్న. అది నిజమో, ఆయనకి అలా అనిపించిందో.

"క్లాసుకి వెళ్లలేదా?"

"వెళ్దామనే."

"ఎంతసేపైంది?"

తమ్ముడు పెన్నుకి మూత పెట్టాడు. "ఇవాళా?" అన్నాడు.

నాన్న పక్కన కూలబడ్డాడు. మెల్లగా ఒక్కొక్కటే బయటికొచ్చింది. మొదట్లో తోటివాళ్లు పైకి పరుగెత్తి గేటు వేసి వచ్చేవాళ్లు. మూడో అంతస్తులో వేసి వచ్చేలోపు రెండో అంతస్తులో ఇంకెవరో తీసి పోయేవాళ్లు. కొన్నాళ్లకి, వీడు అడగబోతున్నాడని తెలిసి వాళ్లు చూపు తిప్పుకోవడం వీడు గమనించాడు. అడగడం మానేశాడు. ఒకసారి నలుగురు ఒక కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తి నాలుగో అంతస్తుకి మోసుకెళ్లారు. క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది. మళ్లీ మొయ్యనివ్వలేదు. లిఫ్టు దొరికిన రోజు పైకి, దొరకని రోజు బెంచీ. దొరకని రోజులే ఎక్కువ.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పను? పాడైందనా? పాడవలేదు కదా. నువ్వు చెప్పినట్టే ఉంది నాన్నా. ఒక్కసారి కూడా ఆగలేదు."

"వెటకారంగా అనుంటే బాగుండేదే" అన్నాడు నాన్న నాతో. "వాడు నన్ను వెనకేసుకొస్తున్నాడు."

నాన్న ముందు తనకి తెలిసిన పని చేశాడు. సెలవు రోజున వెళ్లి అన్ని అంతస్తుల గేట్లకీ స్ప్రింగులు బిగించాడు, వదిలేస్తే వాటంతటవే మూసుకునేలా. మర్నాడే ఒక గుమాస్తా వేళ్లు నలిగాయి. కంపెనీవాళ్లు వచ్చి స్ప్రింగులు ఊడదీసి, నాన్నని పదిమంది ముందు నిలబెట్టి కడిగేశారు. తరవాత క్లాసు కిందికి మార్చమని విభాగాధిపతిని బతిమాలాడు. ఆయన మంచివాడే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. "మీరడిగింది సబబే. కానీ ఒక గది మారిస్తే భవనమంతా మారాలి. వచ్చే ఏడాదికి చూద్దాం" అన్నాడు. లెక్కల పెద్దావిడ మాత్రం ఒక మధ్యాహ్నం మెట్లు దిగి వచ్చి, ఆ బెంచీ మీద తమ్ముడి పక్కన కూర్చుని గంటసేపు పాఠం చెప్పింది. లేచేటప్పుడు లిఫ్టు గూటి జల్లెడ పట్టుకుని లేచింది. "నాకూ మోకాళ్లేనయ్యా. లేకపోతే రోజూ దిగుదును" అంది. హాజరు తక్కువైనా వాణ్ణి పరీక్ష రాయనివ్వమని పట్టుబట్టింది కూడా ఆవిడే.

అమ్మ ఒక్కతే చిన్న విశ్వవిద్యాలయానికి వెళ్లొచ్చింది. సగంలో చేర్చుకోరట, మళ్లీ ఏడాది మొదటి నుంచి చేరాలట. ఆ మాట విని తమ్ముడు నవ్వాడు.

"మొదటి నుంచి నడవడానికి నా దగ్గర అంత నడక లేదమ్మా. ఉన్నది ఇక్కడే ఖర్చు పెట్టనీ."

అప్పుడు నాన్న ఉద్యోగం మానేశాడు. విశ్వవిద్యాలయంలో లిఫ్టుమ్యాన్ కొలువులు ఎప్పుడో ఎత్తేశారు, కానీ ఆనాటి స్టూలు మెట్ల కింద దుమ్ములో పడి ఉంది. తుడుచుకుని దానిమీద కూర్చున్నాడు. ఎవరూ నువ్వెవరని అడగలేదు. ఆఫీసువాళ్లు పెట్టారని కాపలావాడు అనుకున్నాడు, కాపలావాడి మనిషని ఆఫీసువాళ్లు అనుకున్నారు. గేటు తీసి పోయినవాడు ఎవడో తెలియనంత పెద్ద చోటే, గేటు వేసే ముసలాయన ఎవరో కూడా పట్టించుకోలేదు. ఇల్లు అమ్మ కుట్టుపని మీద నడిచింది.

తమ్ముడికి ఇది నచ్చలేదు. ఇంట్లో మొదటిసారి వాడు గొంతెత్తాడు.

"నేను చదువుకోవాలి నాన్నా. నీ మొహం చూస్తూ పైకి పోవడం కాదు."

"మొహం అటు తిప్పుకుంటాలే."

అన్నట్టే తిప్పుకున్నాడు. తమ్ముడు ఎక్కితే నాన్న గేటు వైపు తిరిగి నిలబడేవాడు. నాలుగో అంతస్తు దాకా అలాగే.

"లిఫ్టాయన నీకు తెలుసా? నిన్ను చూస్తే మమ్మల్నెవర్నీ ఎక్కనివ్వడు" అని ఒకతను అడిగాడట. తెలుసన్నాడట వీడు, అంతే.

"నాన్న అని చెప్పొచ్చు కదరా" అన్నాను.

"చెబితే నాన్న మోస్తున్నట్టు అక్కా. లిఫ్టాయన అంటే, అందరితో పాటు నేనూ ఎక్కినట్టు."

ఆ ఏడాది పరీక్షలు బాగా రాశాడు. రెండో ఏడాది చలికాలానికి చేతులు కూడా పట్టు తప్పాయి. కర్రలు పోయి చక్రాల కుర్చీ వచ్చింది. మెట్లెక్కినట్టు ఆయాసం, కూర్చుని ఉన్నప్పుడే. ఒక సాయంత్రం దిగినప్పుడు కుర్చీ ఆపమని, గేటు తను వేస్తానన్నాడు. రెండు చేతులతో పట్టుకుని లాగాడు. సగం దాకా వచ్చింది. అక్కడ ఆగి, పట్టుకునే కూర్చున్నాడు. మిగతా సగం నాన్న లాగాడు. ఆ వారమే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో, అమ్మ కుట్టిన దుప్పటి కప్పుకుని, పట్టపగలు పోయాడు.

కొన్నాళ్లకి నాన్న మళ్లీ పొద్దున్నే తయారవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు ఎవరి కోసమండీ?" అంది అమ్మ.

"గేటు ఎవరు వేస్తారు?"

మావయ్య ఆపబోయాడు. "బావా, నా బస్సెక్కు. ఊళ్లు తిప్పుతాను. ఒక్కసారైనా ముందుకి పోదువుగాని" అన్నాడు. ఆ పాత జోకుకి ఎవరూ నవ్వలేదు, మావయ్య కూడా.

కొత్త పిల్లలు వచ్చారు, పోయారు. గేటు తాతా అని పిలిచేవాళ్లు. ఆయన మెత్తబడ్డాడని చెప్పలేను. ఒకసారి రెండో అంతస్తులో గేటు వదిలేసి పోతున్న కుర్రాణ్ణి వెంటబడి కాలరు పట్టుకుని గోడకేసి నొక్కాడు. "తాతా, ఏమైంది? గేటే కదా" అని ఆ అబ్బాయి ఏడుపు మొహం పెట్టాడట. నలుగురూ విడదీశారు. క్షమాపణ చెప్పమంటే చెప్పాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "గేటే కదా అంటాడే" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

ఆఖరికి ఆ పాత లిఫ్టు తీసేశారు. గూడు కోసేసి, తలుపులు వాటంతటవే మూసుకునేది పెట్టారు. పాతదాన్ని ముక్కలుగా దింపుతున్నంతసేపూ నాన్న మెట్ల దగ్గర నిలబడి చూశాడట. ఆయన వేసిన తాళ్లు చుట్టలు చుట్టి లారీలో వేశారు. స్టూలు కూడా అందులోనే పోయింది. ఆ రోజు నుంచి ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో బీరువా తలుపులు, అలమరలు, తీసినవి తీసినట్టే ఉండేవి. నేను వెళ్లినప్పుడు చూసి వేసేదాన్ని. ఆయన తలెత్తి చూసేవాడు కాదు.

మొన్న వానాకాలంలో ఆయన్ని స్ట్రెచరు మీద ఆసుపత్రి పై అంతస్తుకి తీసుకెళ్తున్నారు. నేను పక్కన ఉన్నాను. లిఫ్టులోకి తోశాక ఆయన చెయ్యి దుప్పటిలోంచి బయటికొచ్చి గాల్లో దేన్నో వెతికింది. పట్టుకునేందుకు ఏమీ దొరకలేదు. తలుపు చప్పుడు లేకుండా వచ్చి మూసుకుంది. నాన్న దాన్నే చూస్తూ పడుకున్నాడు.

"ఆ చిన్న కాలేజీలో ఉన్నది ఇలాంటిదే కదూ?" అన్నాడు.

ఇలాంటిదే.

"కాదు నాన్నా. అది గాజుది" అన్నాను.

ఆయన ఊఁ అని కళ్లు మూసుకున్నాడు. పై అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. స్ట్రెచరు బయటికి లాగారు. నేను వెనక దిగి, అలవాటు కొద్దీ వెనక్కి చెయ్యి చాపాను. అప్పటికే తలుపు మూసుకుంది.